ఉత్తరంలో ఒక్క వాక్యం: పని, బతుకు గురించి పాఠకుల ప్రశ్నలు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని తీసుకున్నాను. నాలుగూ చేస్తున్న పనికో, చేయబోయే పనికో అర్థం ఏమిటని అడిగినవే. రాసినవారిని గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 36 ఏళ్ళు. 13 ఏళ్ళుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. నెలకు 1,60,000 చేతికొస్తుంది, అందులో 58,000 ఫ్లాటు వాయిదాకు పోతుంది. నేను పరీక్షించే అప్లికేషన్ అమెరికాలో ఒక బీమా సంస్థది. నేను పట్టుకున్న తప్పు వల్ల ఎవరికి మేలు జరిగిందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తెలియలేదు. రాత్రి కాల్స్ ముగిసేసరికి పన్నెండు దాటుతుంది. అద్దంకి దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. పోయినేడు నాన్నగారికి గుండెలో స్టెంట్ వేశారు, అప్పటి నుంచి పొలం కౌలుకిచ్చాం. ఉద్యోగం మానేసి ఊరెళ్ళి ప్రకృతి వ్యవసాయం చేయాలని గట్టిగా అనిపిస్తోంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, పిల్లల చదువు సంగతేమిటని అడుగుతోంది. అమ్మ అయితే "మేం మట్టిలో పడ్డ పాట్లు చాలవా" అని ఏడుస్తోంది. పిరికివాడిలా ఆగిపోనా, ధైర్యం చేయనా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి అది ఉద్యోగం గురించిన ఉత్తరంలా కనిపించింది. మూడోసారి చదివేటప్పుడు, స్టెంట్ గురించి మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన చోట ఆగిపోయాను. పదమూడేళ్ళుగా అదే పని చేస్తున్న మీకు ఊరెళ్ళాలన్న కోరిక ఇంత గట్టిగా పోయినేడాదే ఎందుకు పుట్టింది? నాన్నగారు పొలం వెళ్ళలేకపోతున్నారు, మీరు పక్కన లేరు. మీ మనసు పొలాన్ని అడుగుతోందా, నాన్నగారి పక్కన కొన్నేళ్ళు ఉండనిమ్మని అడుగుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రెండు కోరికలూ మంచివే, కానీ వాటికి దారులు వేరు.

వృత్తి సలహా అనేది ఒక పద్ధతిగా మొదలైంది అమెరికాలోని బోస్టన్‌లో. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అక్కడ ఒక కార్యాలయం తెరిచి, పని వెతుక్కునే యువకులకు మూడు మెట్లు చెప్పాడు: నిన్ను నీవు తెలుసుకో, పనుల లోకాన్ని తెలుసుకో, రెంటికీ పొత్తు ఎక్కడ కుదురుతుందో ఆలోచించుకో. ఆ మూడు మెట్లూ నేటికీ పనికొస్తున్నాయి. అయితే ఆ పద్ధతిలో మనిషి ఒంటరిగా నిలబడి ఉంటాడు, అతని వెనక తండ్రి గుండె, భార్య జీతం, పిల్లల బడి కనిపించవు. ఆ లోటును పూరించినవాడు డొనాల్డ్ సూపర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. ఉద్యోగి అనేది మనిషి మోసే పాత్రలలో ఒకటి మాత్రమేననీ, కొడుకు, భర్త, తండ్రి, పౌరుడు వంటి పాత్రలు కూడా అదే సమయంలో నడుస్తుంటాయనీ, వయసును బట్టి ఒకటి పెద్దదై మరొకటి చిన్నదవుతుందనీ అతను చెప్పాడు. ఈనాడు సమగ్ర కెరీర్ కౌన్సెలింగ్ అని పిలుస్తున్నది ఈ చూపునే. మీకిప్పుడు కొడుకు పాత్ర పెద్దదైంది. దాన్ని ఉద్యోగి పాత్రలోని విసుగుతో కలిపి ఒకే సమస్యగా చూస్తున్నారేమోనని నా అనుమానం.

విసుగు సంగతికి వస్తాను. మీరు రాసిన వాక్యాలలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది, మీ పని వల్ల ఎవరికి మేలు జరిగిందో తెలియదన్న మాట. 1997లో ఎమీ జెస్నెవ్‌స్కీ అనే పరిశోధకురాలి బృందం ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనుషులు తమ పనిని మూడు రకాలుగా చూస్తారని తేలింది: జీతం కోసం చేసే కొలువుగా కొందరు, పైకెక్కే నిచ్చెనగా కొందరు, తమను పిలిచిన పనిగా కొందరు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆఫీసులో ఒకే హోదాలో పనిచేస్తున్న సహాయకులలో కూడా ఈ మూడు రకాలవారూ ఇంచుమించు సమానంగానే కనిపించారు. అంటే అర్థం అన్నది పని పేరులో ఉండదు, చేసేవాడికి ఆ పని ఎవరి దాకా చేరుతోందో కనిపించడంలో ఎక్కువగా ఉంటుంది. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త, అతని సహచరులు 2007లో ప్రచురించిన మరో అధ్యయనం ఇదే విషయాన్ని ఇంకా సూటిగా చూపింది. ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులను, ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో ఐదే ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. నెల తరువాత చూస్తే వారు ఫోన్ మీద గడిపే సమయమూ, సేకరించే సొమ్మూ రెండింతలు దాటాయి. వారి జీతం పెరగలేదు, పని మారలేదు, ఒక ముఖం మాత్రం కనిపించింది.

మీకు ఆ ముఖం కనిపించే దారి టెస్టింగ్‌లోనే ఒకటి ఉంది. చూపు లేనివారు, చేతులు సరిగా కదలనివారు ఒక వెబ్‌సైటునో బ్యాంకు యాప్‌నో వాడగలరా లేదా అని పరీక్షించే పనిని యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటారు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనికి చట్టబద్ధమైన ఆధారం ఇచ్చింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులే తయారుచేశారు. దాన్ని మీ కంప్యూటర్‌లో వేసుకుని, తెర ఆపేసి, మీరు రోజూ వాడే రైలు టికెట్ల సైటులో చెవులతోనే ఒక టికెట్ కొనడానికి ప్రయత్నించండి. మీ పదమూడేళ్ళ నేర్పు ఎవరికి అవసరమో ఆ సాయంత్రమే తెలుస్తుంది. ఇదే మీ దారి అని నేను చెప్పడం లేదు, రాజీనామా తప్ప మరో దారి లేదన్న మాట నిజం కాదని చెబుతున్నాను.

ఇక పొలం. ప్రకృతి వ్యవసాయం మీద మీకున్న ఇష్టాన్ని నేను తేలిక చేయను. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఊరూరా దీన్ని నేర్పిస్తోంది. మీ మండలంలోనే ఆవు పేడ, మూత్రంతో విత్తన శుద్ధికి బీజామృతం, ఎరువుగా ఘనజీవామృతం తయారుచేసుకుంటూ, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే రైతులు ఉండవచ్చు, రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు. వారి పొలానికి అతిథిలా ఒక ఆదివారం వెళ్ళి ఫొటోలు దిగి రావడం వల్ల ఏమీ తెలియదు. కలుపు తీసే రోజుల్లో, పురుగు పట్టిన రోజుల్లో, పంట అమ్ముకునే రోజుల్లో వెళ్ళండి. మీ ప్రాంతంలో కౌలు ఉగాదికి మారుతుంది కాబట్టి, వచ్చే ఉగాదికి నాలుగెకరాలలో ఒక ఎకరం మాత్రం వెనక్కి తీసుకోండి. ఏం వేయాలో నాన్నగారిని అడిగి నిర్ణయించండి. ఆయన గట్టు మీద కుర్చీలో కూర్చుని చెబుతుంటే మీరు నెలకు రెండు సార్లు వెళ్ళి చేయండి, మిగతా రోజులకు ఒక మనిషిని పెట్టుకోండి. ఒక పంటకాలం గడిచాక, మీరు ఎదురుచూస్తున్నది పొలాన్నా, ఆ కుర్చీ పక్కన కూర్చునే గంటనా అన్నది మీకే స్పష్టంగా తెలుస్తుంది.

లెక్కలు చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. నాలుగెకరాల మెట్ట నెలకు 58,000 వాయిదా కడుతుందని మీ ఊళ్ళో ఏ రైతూ చెప్పడు. కనుక పొలం ఆదాయాన్ని సున్నాగా వేసుకుని, మీ భార్య జీతంతో ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో ఆమెతో కలిసి కాగితం మీద రాయండి. ఆమె అడిగిన ప్రశ్న అడ్డుపుల్ల కాదు, ఈ ఇంట్లో రెండో సంపాదనాపరురాలి ప్రశ్న. ఇదే కంపెనీలో ఐదేళ్ళు దాటి ఉంటే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది, అదీ లెక్కలో వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ తల్లిదండ్రులు ఇప్పుడు మీ కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో ఉన్నారా? ఉంటే మీ రాజీనామాతోనే ఆ రక్షణ కూడా ఆగిపోతుంది. స్టెంట్ వేసిన మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా పాత జబ్బుకు మూడేళ్ళ దాకా నిరీక్షణ పెట్టవచ్చని 2024 నాటి బీమా నిబంధనలు చెబుతున్నాయి. 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల దాకా ఉచిత వైద్యం ఉంది, నాన్నగారి వయసు మీరు రాయలేదు, ఒకసారి చూడండి. కంపెనీ బీమాను అదే బీమా సంస్థలో సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో రాజీనామా ఇవ్వకముందే అడగండి. నాన్నగారి కోసమని బయలుదేరి, నాన్నగారికున్న రక్షణనే తెలియక పోగొట్టుకోకూడదు.

పిరికితనమా ధైర్యమా అని అడిగారు. అమ్మగారి ఏడుపు, మీ భార్య ప్రశ్న, మీ నిద్రలేమి, ఇవన్నీ చూసి అడుగు వేయడానికి ఏడాది తీసుకునే మనిషిని నేను పిరికివాడని ఎన్నడూ అనను. ఈలోగా ఆ రాత్రి కాల్స్‌ను వారంలో రెండు రోజులకు తగ్గించమని మేనేజరుతో మాట్లాడండి. నిద్ర చాలని మనిషికి ఏ పనిలోనూ అర్థం కనిపించదు.

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్నాడు. మార్కులు తగ్గిపోతున్నాయి, ఫోన్‌లో సరిగా మాట్లాడడు. కాలేజీలో వేలిముద్రల పరీక్ష చేసి, 6,000 తీసుకుని, వీడి మెదడు ఇంజినీరింగ్‌కు సరిపోతుందని నలభై పేజీల రిపోర్టు ఇచ్చారు. సెలవులకు వస్తే పుస్తకం ముట్టడు, మా తమ్ముడి మోటార్ వైండింగ్ షాపులోనే పొద్దంతా ఉంటాడు. కెరీర్ కౌన్సెలింగ్ చేయిస్తే దారిలో పడతాడా? — ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టును పక్కన పెట్టండి. వేలి మీది గీతలు బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఏర్పడి జీవితాంతం మారకుండా ఉంటాయి. మీ అబ్బాయికి ఏ టీచరు ఏం నేర్పారు, ఏ పని చేస్తూ వాడు సంతోషపడ్డాడు అన్నవి ఆ గీతలలో ఎక్కడా ఉండవు. వేలిముద్రలు చూసి తెలివితేటలు, తగిన చదువు చెప్పగలమన్న మాటకు శాస్త్రీయ ఆధారం లేదు. ఇలాంటి రిపోర్టులను నమ్మి పిల్లల మీద నిర్ణయాలు రుద్దిన ఇళ్ళను నేను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

నిజమైన సామర్థ్య పరీక్షలు వేరే ఉన్నాయి. సి.బి.ఎస్.ఇ., ఎన్.సి.ఇ.ఆర్.టి. కలిసి 9, 10 తరగతుల పిల్లల కోసం తయారుచేసిన 'తమన్నా' అలాంటిదే. భాష, అంకెలు, యంత్రాల పనితీరు, ఆకారాలను మనసులో తిప్పి చూడగలగడం వంటి ఏడు రకాల శక్తులను అది విడివిడిగా చూస్తుంది. అందులో పాస్, ఫెయిల్ లేవు. దాని ఫలితాన్ని చూపించి ఏ పిల్లవాడి మీదా సబ్జెక్టును రుద్దకూడదని దాన్ని రూపొందించినవారే చెప్పారు. మంచి పరీక్షకు గుర్తు ఇదే: తాను ఎంతవరకు చెప్పగలదో దానికి తెలిసి ఉంటుంది.

మన రెండు రాష్ట్రాలలో కౌన్సెలింగ్ అనగానే ర్యాంకు చూసి సీటు కేటాయించే తంతు గుర్తుకొస్తుంది. ఆ మాట అలా స్థిరపడిపోవడం వల్ల, పిల్లవాడితో కూర్చుని వాడి మాట వినడం కూడా కౌన్సెలింగే అన్న సంగతి మరుగున పడింది. దారిలో పడతాడా అని మీరు అడిగారు. నా కంటికి ఆ పిల్లవాడు ఒక దారిలో ఇప్పటికే నడుస్తున్నాడు, అది మీ తమ్ముడి షాపుకు వెళ్తోంది. కాలిపోయిన మోటారును విప్పి, పాత తీగ తీసి, చుట్ల లెక్క తప్పకుండా కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, తిరిగి తిప్పి చూపించడం తేలికైన పని కాదు. అందులో ఓపిక ఉంది, లెక్క ఉంది, విద్యుత్తు పాఠం ఉంది. పొద్దంతా అక్కడ నిలబడగలిగినవాడిని సోమరి అనకూడదు. వాడు ఆ షాపులో ఏం చేస్తాడో, చూస్తూ కూర్చుంటాడా, చేతులు పెడతాడా, మీ తమ్ముణ్ణి వివరంగా అడగండి. నలభై పేజీల రిపోర్టు కన్నా ఆయన చెప్పే పది మాటలు ఎక్కువ విలువైనవి.

చేతులు పెడుతున్నాడంటే పాలిటెక్నిక్ గురించి తీవ్రంగా ఆలోచించండి. పదో తరగతి అర్హతతో పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరితే మూడేళ్ళు. తరువాత కావాలంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, అది మరో మూడేళ్ళు. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపినా ఆరేళ్ళే కదా. ఇప్పటికే గడిచిన ఏడాది తప్ప పోయేది ఏమీ లేదు, పైగా మధ్యలో డిప్లొమా చేతికొస్తుంది. చుట్టాలు చిన్నచూపు చూస్తారేమోనన్న బెంగ మీకు ఉండవచ్చు. ఆ బెంగ మీది, దాన్ని పిల్లవాడి మీద వేయకండి.

ఫోన్‌లో మాట్లాడడం లేదన్నారు. వచ్చే ఆదివారం హాస్టల్‌కు స్వయంగా వెళ్ళండి, మార్కుల ప్రస్తావన తేకండి. ఈ వారంలో ఏ గంట బాగా గడిచింది, ఏ గంట గడవలేదు అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి. అన్నం సరిగా తింటున్నాడా, నిద్ర పడుతోందా చూడండి. మనిషి బాగా కుంగిపోయి కనిపిస్తే పరీక్షలయ్యేదాకా అనకుండా ఆ రోజే ఇంటికి తీసుకురండి.

ప్రశ్న: నాది పాలమూరు జిల్లా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, వయసు 30. ఆరేళ్ళుగా అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ఒకసారి చాలా తక్కువ మార్కుల తేడాతో పోయింది. మా నాన్న పట్టా పాసుబుక్‌లో తప్పు సరిచేయించుకోవడానికి రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అలాంటివాళ్ళకు పని చేసిపెట్టాలనే ఈ దారిలోకి వచ్చాను. ఇప్పుడు ఊరికెళ్తే "ఇంకా ఏం చేస్తున్నవ్ రా" అంటారని పండగలకు కూడా వెళ్ళడం లేదు. ఒక్కోసారి బతికి ఎందుకనిపిస్తుంది. — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఒంటరిగా ఉండకండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ అది, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. రూమ్‌లో ఉన్న స్నేహితులలో ఒక్కరికైనా ఈ మాట చెప్పండి. మీతో పాటు ఆ వీధిలో చదువుకుంటున్న చాలామంది ఇదే మాటను మనసులో పెట్టుకుని తిరుగుతున్నారు, మీరు చెబితే వారికీ నోరు వస్తుంది.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి. విక్టర్ ఫ్రాంకెల్ అనే వైద్యుడు వియన్నా నగరంలో, 1930ల నాటి ఆర్థిక మాంద్యం కాలంలో, ఉద్యోగాలు దొరకక కుంగిపోయిన యువకులను దగ్గరగా చూశాడు. వారి బాధలో రెండు పొరలున్నాయని గమనించాడు. ఉద్యోగం లేకపోవడాన్ని వారు ఎందుకూ పనికిరాకపోవడంగా తీసుకున్నారు, ఎందుకూ పనికిరాకపోవడాన్ని బతుక్కి అర్థం లేకపోవడంగా తీసుకున్నారు. వారిని యువజన సంఘాలలో, వయోజన విద్యలో, గ్రంథాలయాలలో జీతం లేని పనులకు ఒప్పించగలిగితే, కడుపు మునుపటిలాగే కాలుతున్నా కుంగుబాటు తగ్గడం అతను చూశాడు. మన భాషలో ఆ రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి: పని లేనివాడు, పనికిరానివాడు. ఊళ్ళోవాళ్ళు మొదటి మాట అంటారు, మీకు రెండో మాట వినిపిస్తుంది. ఆ రెంటినీ వేరుచేయడమే ఇప్పుడు మీరు చేయవలసిన మొదటి పని.

దానికి మీ ఉత్తరంలోనే తాళం చెవి ఉంది. మీరు ఈ దారిలోకి వచ్చింది కారు కోసమో కుర్చీ కోసమో కాదు, నాన్నగారు తిరిగిన ఆ రెండేళ్ళ కోసం. ఆరేళ్ళుగా రాజ్యాంగం, పంచాయతీరాజ్, భూసంస్కరణలు చదివిన మీకు, పాసుబుక్కులో తప్పు పడిన రైతుకు దరఖాస్తు రాసిపెట్టడానికి ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు. జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం ప్రారంభించింది. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, పనిచేసిన రోజులకు కొంత గౌరవ వేతనం కూడా ఇస్తుంది. న్యాయవాది కాని మామూలు మనిషి, చట్టానికీ పేదవాడికీ మధ్య వంతెనగా పనిచేసే ఏర్పాటు అది. భూమి రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చాక పద్ధతులు మళ్ళీ మారాయి కనుక, ఎవరిని ఏం అడగాలో తెలియని రైతులు మీ మండలంలోనే ఎందరో ఉంటారు. నెలకు నాలుగు రోజులు ఈ పని చేసి చూడండి. చదువుకు అడ్డమవుతుందని భయపడవద్దు, ఆరేళ్ళుగా రోజుకు పన్నెండు గంటలు కూర్చుంటున్న మనిషికి ఆ నాలుగు రోజులు ఊపిరి పోస్తాయి.

ఇంకో మాట, కొంచెం కఠినమైనది. ఈ ప్రయత్నం ఎప్పటి వరకో మీరు ఇంతవరకు రాసుకుని ఉండరు. వయసు పరిమితి ఇంకా ఉందన్న ధైర్యమే చాలామందిని మరో ఐదేళ్ళు కూర్చోబెడుతోంది. ఇంకా ఎన్ని నోటిఫికేషన్లు రాస్తారో, ఏ నెల దాకా ఆగుతారో, తేదీతో సహా కాగితం మీద రాసి నాన్నగారికి ఇవ్వండి. అది ఓటమి పత్రం కాదు, మీ కాలాన్ని మీ చేతిలోకి తిరిగి తెచ్చుకోవడం. ఆ తేదీకి ముందే రెండో దారి తెరిచి పెట్టుకోవాలి. మీ జిల్లాలోనే జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల పరిశ్రమలున్నాయి, నాణ్యత పరీక్షల విభాగంలో కెమిస్ట్రీ చదివినవారి అవసరం ఉంటుంది. మొదట జీతం తక్కువ, షిఫ్టులు ఉంటాయి, మీకన్నా ఆరేళ్ళు చిన్నవాళ్ళు మీకు పని నేర్పుతారు. ఇవన్నీ ముందే తెలుసుకుని వెళ్ళాలి. చదువు చెప్పడం ఇష్టమైతే బీఎడ్ చేసి డీఎస్సీ, గురుకులాల వైపు వెళ్ళవచ్చు. ఇంటర్వ్యూలో ఆరేళ్ళు ఏం చేశారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, దాచవలసినది ఏమీ లేదు.

వచ్చే పండక్కి ఊరికి వెళ్ళండి. ఎవరైనా ఏం చేస్తున్నావంటే, ఫలానావాళ్ళ పాసుబుక్కు పని చూస్తున్నానని చెప్పగలిగేలా వెళ్ళండి.

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. ఎం.ఏ. తెలుగు చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు పాఠాలు చెప్పాను, తరువాత ఇల్లే లోకమైంది. పిల్లలిద్దరూ డల్లాస్‌లో ఉన్నారు. ఇప్పుడు ఏదైనా పని చేయాలనుంది, నాకంటూ నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనీ ఉంది. మావారు "ఈ వయసులో నీకేం తక్కువైంది" అంటున్నారు. ఆశ పడడం తప్పా? — ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: తప్పు కాదమ్మా. పాతికేళ్ళకు పైగా జీతం లేకుండా పనిచేసిన మీరు, ఇప్పుడు మీ పేరు మీద నాలుగు రూపాయలు కావాలనుకోవడంలో సంకోచించవలసినది ఏమీ లేదు. మీవారి మాటలో కోపం కన్నా కంగారు ఎక్కువ ఉందనిపిస్తోంది. తన సంపాదన సరిపోలేదని మీరు అంటున్నట్టు ఆయనకు వినిపిస్తోందేమో. తక్కువైంది డబ్బు కాదనీ, మధ్యాహ్నం పూట ఈ ఇంటి నిశ్శబ్దం భరించలేకపోతున్నాననీ ఆయనతో చెప్పి చూడండి.

మీ చదువుకు ఈనాడు గిరాకీ ఉన్న చోటు, మీ పిల్లలున్న చోటే. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పించాలనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే మనిషి కోసం వెతుకుతుంటారు. ఇక్కడ శనివారం ఉదయం ఏడు గంటలైతే డల్లాస్‌లో వేసవి వేళల ప్రకారం శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర. మీ వంటా పూజా ఆగవు, వారికి బడీ లేదు. ముందు అక్కడ మీ పిల్లలకు తెలిసినవారి ఇళ్ళలోని చిన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురికి నెల రోజులు ఉచితంగా చెప్పండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆ పిల్లలకు తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. కనుక అ, ఆలతో మొదలుపెట్టి ఆరు నెలలు దిద్దించకండి, వాళ్ళ పేరు, మీ పేరు, వాళ్ళు తినే ఇడ్లీ, దోసె రాయడం మొదటి వారమే నేర్పండి. రెండో నెల నుంచి రుసుము అడగండి, అడగడానికి మొహమాటపడకండి. ఆ డబ్బు పడే బ్యాంకు ఖాతా మీ పేరు మీదనే ఉండాలి.

ఆదివారాలలో వీలుంటే చూపు లేని కాలేజీ పిల్లల కోసం తెలుగు పాఠ్యపుస్తకాలను చదివి ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వవచ్చు. ముద్రితమైన తెలుగును ఫోన్ చేత చదివిస్తే ఇంకా తప్పులు దొర్లుతాయి, పద్యం దగ్గరైతే మరీను. మీ ఊళ్ళో కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి తెలుగు శాఖలోనో, మీకు దగ్గరలో ఉన్న డిగ్రీ కాలేజీలోనో అడిగితే అలాంటి విద్యార్థుల గురించి తెలియవచ్చు. పద్యాన్ని ముందు విరవకుండా ఒకసారి, తరువాత పదం పదం విడదీసి ఒకసారి చదవండి.